ఫుల్ మాస్టర్

మస్కట్ బౌషర్‌లో మేము కుట్టే లేడీస్ టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్ పని మానేసి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన బల్ల ఖాళీ అయింది. ఆ బల్ల మీద నా కన్ను పడింది. పడదా మరి! మావారు పోయాక ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళుగా అదే గోడవైపు కూర్చుని కుడుతున్నాను. నేను కత్తెర పడితే గుడ్డ చెప్పిన మాట వింటుంది. కానీ అర్బాబ్, అంటే మా ఒమానీ యజమాని, బల్ల ఎవరికిచ్చేదీ చెప్పలేదు. అప్పటిదాకా నేనూ, నా పక్క మెషిన్ మీది కడప పిల్లా చెరి సగం కత్తిరిస్తున్నాం.

ఆ పిల్ల వచ్చి రెండేళ్ళు. ఆమె కత్తిరిస్తే చంక దగ్గర తప్పుతుంది. ఎన్ని సరిచేశానో నాకే తెలుసు. కానీ ఆ గొంతుంది చూశారూ!

ఒకరోజు ఇండియన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పే తెలుగు టీచరమ్మ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. వీపు మీద కిటికీ అంత కోత కావాలంది.

"మీకు బాగుండదు మేడం," అంది కడప పిల్ల. "చిన్నది పెడతా. ఇట్లా తిరగండి. చేతులెత్తండి. ఊపిరి బిగబట్టొద్దు, కొలత తప్పుతాది."

టీచరమ్మ తిరిగింది, ఎత్తింది, ఊపిరి వదిలింది. నవ్వేసి, "యు ఆర్ మాస్టర్‌ఫుల్!" అంది. అక్కడే ఉన్న అర్బాబ్ కూడా నవ్వాడు.

నాకు వినిపించింది ఒకటే, ఫుల్ మాస్టర్. సగం కూడా కాదు, ఏకంగా ఫుల్! ఇక ఆ రోజంతా సూదిలోకి దారం ఎక్కితే ఒట్టు. ఆ పిల్ల పోసిచ్చిన చాయ్ ముట్టలేదు.

"ఏందక్కా, చక్కెర తక్కువైందా?"

"నీకే ఎక్కువైంది, పో."

వారం తర్వాత టీచరమ్మ జాకెట్టు వేసి చూసుకోవడానికి వచ్చింది. అద్దం దగ్గర పట్టుకున్నాను.

"మేడం, మీరు దాన్ని ఫుల్ మాస్టర్ అన్నరు గదా. ఏం పనితనం జూసి అన్నరు?"

ఆమెకు నవ్వాగలేదు. "పనితనం కాదమ్మా. మాస్టర్‌ఫుల్ అంటే ఎదుటివాళ్ళ నోరు మూయించి చెప్పింది చేయించే మనిషి. మెచ్చుకునీ అంటాం, విసుక్కునీ అంటాం. పనితనానికైతే మాస్టర్లీ అనాలి. ఇది ఎవరు కత్తిరించారు?"

"నేనే."

"అయితే మాస్టర్లీ మీరే."

కడుపు చల్లబడింది, కాసేపే. ఆ పిల్లకొచ్చిన మాట అర్బాబ్ ముందు పడింది, నాకొచ్చింది అద్దం ముందు. చెప్పాల్సిందేనని హిందీలో నాలుగు ముక్కలు కూర్చుకుని అర్బాబ్ ఎదుట నిలబడ్డాను.

"అక్కా! ఆ లైనింగ్ ఇటు తే, బిరీన!" లోపలినుంచి అరిచింది కడప పిల్ల.

తీసుకెళ్ళి ఇచ్చాను. ఇచ్చాక గుర్తొచ్చింది, నేను నోరే తెరవలేదని. వెనక్కి తిరిగితే అర్బాబ్ మమ్మల్నే చూస్తున్నాడు.

మర్నాడు బల్ల ఆమెదైంది.

పనితనం నాదేనని టీచరమ్మ చెప్పింది కదా, ఆ మాట నాకెందుకు? నాకు ఆ పిల్లను అన్న మాటే కావాలి. ఇప్పటికీ ఆమె కోతలో చంక తప్పుతూనే ఉంది. అడిగితే చెబుతాను. అది అడగదు.