కమ్మీ మీద తువ్వాలు

ముదిగుబ్బలో బస్సెక్కిన ముసలాయన మా ముందు సీట్లో కూర్చుంటూ, ఎండకు కాలిపోతున్న కిటికీ కమ్మీ పట్టుకోబోయాడు. నా పక్కనున్న మనిషి గబుక్కున దాని మీద తన తువ్వాలు కప్పాడు.

"సార్, ఐటీఐలో మీరే నాకు వెల్డింగు నేర్పినారు," అంటూ అరచేయి చూపించాడు. నడిమధ్య నున్నటి మచ్చ. అప్పుడే అతికిన ఇనుప ముక్కను, వేడిదని చెప్పకుండా, కొత్తగా చేరినవాళ్ల చేతుల్లో పెట్టి నవ్వేవాడట ఈ పెద్దమనిషి.

సిగ్గుపడతాడనుకున్నాను. ముసలాయన మురిసిపోయాడు.

"సూడప్పా, ఇంగా ఉండాది! నేను నేర్పింది ఎవడూ మర్చిపోడు."

నా పక్కాయన తువ్వాలు తీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

బస్సు గుంతలో పడి ఊగింది. ముసలాయన కమ్మీ దాకా చేయి చాపి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. ఇనుము కాలుతుందని ఆయనకు బాగానే తెలుసు.