టీచరమ్మ వేరు చేయించిన ముళ్లకొమ్మలు

నిన్న సిరవార దారిలో ఎవరో బొగ్గు కోసం సర్కారు తుమ్మ కాలుస్తున్నారు. ఆ ఘాటు పొగ ముక్కుకు తగలగానే సరోజమ్మ టీచరు గుర్తుకొచ్చారు. ఈ కాలపు అయ్యవార్లు చెట్టుకు ఫోను చూపించి, అందులో వచ్చిన పేరు చదివి పాఠం అయిపోయిందంటారు. చెట్టును ముట్టుకోను కూడా ముట్టుకోరు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను అరకేర చుట్టుపక్కల తుమ్మలు కొట్టి బొగ్గు కాల్చేవాణ్ని. అక్షరం ముక్క రాదు. బడి వెనకాల ముళ్లచెట్లన్నీ కొట్టేయమని ఊరి పెద్దలు చెబితే గొడ్డలితో వెళ్లాను. రాయచూరు నుంచి వచ్చిన సరోజమ్మ టీచరు అడ్డంగా నిలబడ్డారు.

"జర ఆగు తిమ్మన్నా. పిల్లలను చూడనీ. అన్నీ ఒక్కటే కావు."

"ముల్లుంటే తుమ్మనే గదమ్మా. ఇందుల చూసేటందుకు ఏముంది?"

"ఏం లేకుంటే నీకేం బాధ? గా నీడకు కూసో."

చెట్టుకో కొమ్మ తెప్పించి, పేర్లు చెప్పకుండా పోలికలు చూసి వేరు చేయమన్నారు. గుండ్రటి పసుపు పువ్వు, పూసల దండలాంటి కాయ ఉన్న నల్లతుమ్మ కొమ్మలను పిల్లలు ఒక పక్కన పెట్టారు. కంకిలా పొడుగాటి పువ్వున్నవన్నీ ఇంకో పక్కన వేశారు. అవన్నీ సర్కారు తుమ్మలేనని నేను లేచాను.

"పువ్వు చూసిండ్రు. ముల్లు ఎక్కడ మొలిచిందో చూసిండ్రా?" అన్నారు టీచరు.

మల్లమ్మ అనే పిల్ల రెండు కొమ్మలు పట్టుకుంది. "దీనికి ఆకు మొదట్ల ఉన్నయి టీచర్. దీనికేమో ఆకుకూ ఆకుకూ నడుమ ఉన్నయి."

ఆ రెండో కొమ్మ టీచరు నా చేతికిచ్చారు. తడిమి చూశాను. జమ్మి. ఏటా దసరాకు బంగారమని పెద్దల చేతుల్లో పెట్టేది ఆ ఆకే. చుట్టూ అరుగు కట్టి కుంకుమ పెట్టిన చెట్టే జమ్మి అనుకునేవాణ్ని. అది తుమ్మల మధ్య నిలబడితే తుమ్మే అనుకున్నాను.

"పండుగ నాడు మొక్కుతవు, తెల్లారి బొగ్గు చేస్తవా?" అన్నారామె. పిల్లలు విరగబడి నవ్వారు. కోపమొచ్చింది గానీ, నవ్వు ఆగలేదు. జమ్మిని వదిలి మిగిలినవి కొట్టాను. తర్వాత పనిలేని రోజుల్లో ఆమె పాఠం వినడానికి వెళ్లాను. అక్షరాలు కూడబలుక్కుంటూ సొంతంగా చదవడం నేర్చుకున్నాను.

ఇప్పుడు బడిపిల్లలు చెట్ల పేర్లు అడగడానికి కొమ్మలు పట్టుకుని మా ఇంటికొస్తారు. పేరు చెప్పను, ముందు తడమమంటాను. విసుక్కుంటారు. మొన్న ఒక పిల్ల నేను చివరికి చెప్పిన పేరే తప్పని వాదించి, కాయ చీల్చి చూపించింది. ఆ పిల్ల చెప్పిందే నిజం. ఓడిపోయినా ఆ పూట అన్నం ఎంతో రుచిగా ఉండింది.