తీసుడు వేరే, పెట్టుకునుడు వేరే

మొన్నటి దాకా నా ముఖం సగం గోపన్‌పల్లిలో, మిగతా సగం నానక్‌రామ్‌గూడ వెళ్లే షేర్ ఆటోలో తయారయ్యేది. ఇంట్లో ముగ్గురం. మా ఆయన, అత్తమ్మ, నేను. బాత్రూం ఒకటే. నేను లోపలికి వెళ్లి పౌడర్ డబ్బా మూత తీసేలోపే ఎవరో ఒకరు తలుపు కొట్టేవారు. కాబట్టి కాటుకా లిప్‌స్టిక్కూ ఆటోకి వాయిదా. నేను పనిచేసేది ఒక ఆఫీసు టవర్‌ కింద, రిసెప్షన్‌లో. వచ్చినవాళ్లు ముందుగా చూసేది నా ముఖాన్నే. అది పూర్తయి ఉండాలన్నది మా మేనేజర్ కోరిక.

ఆటోలో కాటుక పెట్టుకోవడం ఒక విద్య. దారిలో స్పీడ్ బ్రేకర్లన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా ఒకనాడు ఎవరో నాతో ఒక మాటైనా చెప్పకుండా కొత్తది వేశారు. కాటుక గీత కంటి చివర బయలుదేరి చెవి దాకా వెళ్లి ఆగింది. ఆ రోజు వచ్చినవాళ్లంతా కూచిపూడి ప్రోగ్రాం ఏ ఫ్లోర్‌లో అని అడిగారు. ఒకరిద్దరిని పైకి కూడా పంపించాను. ఇంకోసారి నా లిప్‌స్టిక్ పక్కన కూర్చున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి తెల్ల చొక్కా మీద సంతకం చేసింది. మర్నాటి నుంచి అతను డ్రైవర్ పక్కనే కూర్చుంటున్నాడు. పెళ్లయినవాడే అయి ఉంటాడు.

అందుకని, కింది ఫ్లాటు కప్పు కారుతోందని మా బాత్రూం పగలగొట్టక తప్పనప్పుడు నేను అడిగింది ఒక్కటే. కూర్చుని ముఖం చూసుకునే చోటు. ఒక బండ, ఒక అద్దం, స్టూలు, బండ కింద మోకాళ్లు పట్టేంత ఖాళీ. సరిగ్గా ఆ ఖాళీ మీదే మా ఆయన కన్ను పడింది.

"ఆడ వాషింగ్ మెషిన్ పెట్టాలె. నీ మోకాళ్లకు అంత జాగా ఎందుకే?"

"మెషిన్ ఏమన్న ఆఫీసుకు పోవాల్నా? బాల్కనీల ఉంటది తియ్యి."

"బాల్కనీల వాన కొడ్తది."

ఇంతలో అత్తమ్మ వచ్చింది. "ఏందే, పాయిఖాన పక్కన కూసొని బొట్టు పెట్టుకుంటవా? మన ఇంట ఎన్నడన్న ఉన్నదా గిట్ల? కుంకుమ బరిణె అండ్ల పెడ్తే లక్ష్మి ఉంటదా ఇంట్ల?"

మా ఆయనకు సందు దొరికింది. "ఇన్నవ్ గద. మెషిన్‌కైతే గా ఫికర్ లేదు. అది బొట్టు పెట్టుకోదు."

ఇద్దరూ ఒక్కటయ్యారు. ఇక నా బతుకంతా ఆటోలోనే అనుకున్నాను.

పాత సామాను విప్పే రోజు మేస్త్రీ అద్దం దగ్గర ఆగాడు. "అమ్మా, ఈ అద్దం పారేయాల్నా?" అందరం వెళ్లి చూశాం. స్నానానికి ముందు నుదుటి బిళ్ల తీసి ఎదురుగా ఉన్న అద్దానికి అంటించడం మాలో ఆడవాళ్లందరికీ అలవాటే. పైన నావి, చిన్న నల్ల బిళ్లలు. జానెడు కింద ఎర్రవి, పావలా బిళ్లంతేసి. ఎన్నికలు పెడితే ఎర్రవాళ్లే గెలిచేటట్టు ఉన్నారు.

"ఇవ్వెవరివో అత్తమ్మా?" అమాయకంగా అడిగాను. "మనకన్న ముందు ఉన్నోళ్లవి కావచ్చు."

మేస్త్రీ గోడవైపు తిరిగి దగ్గాడు. అత్తమ్మ మాత్రం తొణకలేదు.

"నావే. అయితే ఏంది? తీసుడు వేరే, పెట్టుకునుడు వేరే. తీసుడు ఏడనన్న తీస్తం. పెట్టుకునుడు మాత్రం పొడి జాగల, నిమ్మళంగ కూసొని పెట్టుకోవాలె."

'కూసొని' అన్న మాట నేల మీద పడకముందే పట్టుకున్నాను. "గట్లనే చేద్దాం అత్తమ్మా. నువ్వు చెప్పినట్లే."

షవరూ కమోడూ లోపల, మసక గాజు తలుపు వెనక్కి వెళ్లాయి. బేసిన్, బండ, అద్దం ఇవతల పొడివైపు, కిటికీ పక్కకి వచ్చాయి. ఆవిరి అటే ఉంటుంది, ఇటు పౌడర్ గడ్డకట్టదు, లక్ష్మికీ ఇబ్బంది లేదు. తన మాటే నెగ్గిందని అత్తమ్మ సంతోషించింది. మా ఆయన టేపు చుట్టుకుని బాల్కనీ కొలవడానికి వెళ్లాడు.

లైట్ల షాపులో పసుపు రంగువి కప్పుకి పెట్టమన్నారు, హోటల్ లుక్ వస్తుందట. వద్దన్నాను. మా ఆఫీసు వాష్‌రూంలో అవే ఉన్నాయి. వెలుగు పైనుంచి పడితే కళ్ల కింద నీడ వస్తుంది. ఆ నీడ మనదే అనుకుని పౌడర్ పూస్తూనే ఉంటాం. మా కొలీగ్ ఒకామె అలా పూసుకుని ఎండలోకి వస్తే సెక్యూరిటీ అతను, "మేడం, గిర్నికి పోయొస్తున్నరా? పిండి ఏది?" అని అడిగాడు. అందుకే అద్దానికి రెండు పక్కలా, ముఖం ఎత్తున, తెల్ల లైట్లు పెట్టించాను. జుట్టు ఆరబెట్టే మెషిన్ ప్లగ్గు బేసిన్‌కి దూరంగా ఉండాలన్నాను.

ఇక అద్దం ఎంత ఎత్తున? మేస్త్రీ అడిగితే అత్తమ్మ స్టూలు మీద కూర్చుని, నుదుటి బిళ్ల తీసి ఎదురు గోడకు అంటించింది. "గిక్కడ." నేను నిలబడి నాది అంటించాను. ఆ రెండు బిళ్లలూ పట్టేటంత పొడుగు అద్దం వచ్చింది.

అన్నీ అమరిన మొదటి సోమవారం నేను స్నానం చేసి వచ్చేసరికి స్టూలు మీద అత్తమ్మ ఉంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆమె చెంప మీద పడుతోంది.

"అత్తమ్మా, జర జరుగు. ఆటో టైమైంది."

"ఇప్పుడే కూసున్న. నువ్వు నిలబడి పెట్టుకో. అద్దం ఇద్దరికి పెట్టిచ్చినం గద."

వెనక నిలబడితే ఆమె తల పైన నా ముఖం పూర్తిగా కనిపించింది. కాటుక తీశాను. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి ఆటో కడ్డీ కోసం వెతికింది. దొరక్క అత్తమ్మ భుజం పట్టుకుంది.

"గంత గట్టిగ పట్టుకున్నవేందే? మెల్లగ పెట్టుకో. ఇల్లు ఏడికి పోతలేదు."