అకో అప్పగించిన సీసా

బర్మాలోని యాంగన్‌లో ఒక చిన్న బీరు దుకాణంలో ఆరేళ్లు పనిచేశాను. మొదట డ్రమ్ములు కడిగేదాన్ని. తర్వాత యజమానే బీరు కాయడం నేర్పాడు. మాలా తెలుగువాడు కాదు, బర్మా మనిషి. ఇక్కడ అన్నను పిలిచినట్టే ఆయన్ని అకో అనేదాన్ని. బీరు పులిశాక డ్రమ్ము అడుగున మిగిలే మడ్డిని పారబోయకూడదని చెప్పింది ఆయనే. కాచి చల్లార్చిన నీళ్లు పోసి కదిపి, కాసేపు వదిలేస్తే బరువైన చెత్త కిందికి దిగిపోతుంది. పైన పాలలా ఉండే ఈస్ట్‌ని సీసాలోకి వంపుకుంటే మళ్లీ బీరు కాయడానికి పనికొస్తుంది.

ఊళ్లో గొడవలు చెలరేగి దుకాణం మూతపడినప్పుడు అకో ఒక సీసా ఈస్ట్, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్ట్ రెండు బస్తాలు నా చేతికిచ్చాడు. బాంకాక్ వెళ్తున్నానని, అక్కడ దుకాణం పెట్టగానే నన్ను పిలిపించుకుంటానని, అప్పటిదాకా దీన్ని బతికించమని అన్నాడు. నన్ను నమ్మాడని పొంగిపోయాను.

యాంగన్‌లోనే తాకేటా పేటలో అన్నా వదినలతో ఉంటాను. కరెంటు రోజుకు కొన్ని గంటలే. థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి సీసా దాచేదాన్ని. ఎంత చల్లగా ఉంచినా మేత లేకపోతే ఈస్ట్ నీరసించిపోతుంది. అందుకే నెలకోసారి బీరు కాచి కొత్త మడ్డి తీసేదాన్ని. మాల్ట్ అయిపోయాక తాటిబెల్లంతో నెట్టుకొచ్చాను. మిగిలిన బీరు మోరీలో పోసేదాన్ని.

అప్పుడే అన్నకు తన్లిన్ రేవులో పని పోయింది. ఓ సాయంత్రం నన్ను ఆపాడు.

"ఊరికే పారబోత్తావేటే? ఓ గ్లాసు ఇటు పొయ్యి."

పోశాను. దిగులుగా ఉన్నాడు, కాస్త తేలికపడతాడనుకున్నాను. కొన్ని నెలలకు, బీరు పూర్తిగా పులియకముందే మూత తీసి ముంచుకోవడం మొదలుపెట్టాడు. వదిన నన్ను వంటింట్లో నిలదీసింది.

"మీ అన్న ఇదివరకు తాగీవోడు కాడు. ఆ బురదని ఎన్నాళ్లు మేపుతావు?"

ఇంకొన్నాళ్లేనని, అకో పిలవగానే వెళ్లిపోతానని చెప్పాను. ఊరికి అటు చివర లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినా వద్దనుకున్నాను. పొద్దుటినుంచి రాత్రిదాకా నేను లేకపోతే సీసాకు ఐసు మార్చేవాళ్లెవరు?

రెండేళ్ల తర్వాత ఫోనులో అకో కొత్త దుకాణం ఫొటోలు కనబడ్డాయి. నాకు కబురు లేదు. నేనే ఫోన్ చేసి, ఈస్ట్ బతికే ఉందని చెప్పాను. ఏ ఈస్ట్ అని అడిగాడు. గుర్తుచేశాను.

"అదింకా ఉంచావా? పారెయ్. ఇక్కడ పొడి ఈస్ట్ ప్యాకెట్లు కావలసినన్ని దొరుకుతాయి."

నా పని సంగతి ఎత్తితే, అక్కడివాళ్లనే పెట్టుకున్నానన్నాడు. అన్నావదినలను అడిగానని చెప్పమన్నాడు. కసురుకుని ఉంటే ఇంత మండేది కాదు.

ఆ పూటే సీసా మోరీలో వంపేశాను. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతున్నాను. అప్పుడు వద్దనుకున్నది సూపర్‌వైజర్ కింద లెక్కలు రాసే పని. ఈసారి మిషను మీదే కూర్చోబెట్టారు.

ఇంట్లో బీరు ఆగిపోయాక అన్న వీధి చివర సారా కొట్టుకు వెళ్తున్నాడు. వదిన నాతో మాట్లాడటం మానేసి ఏడాది దాటింది. నా అన్నం మాత్రం మూతపెట్టి ఉంచుతుంది. ఆ తాగుడు నా చేతి మీదుగానే మొదలైంది, ఆవిడను ఏమని బతిమాలను? తినేసి, కంచం కడుక్కుని పడుకుంటాను.