కోతుల నోటుబుక్కు

ఈ సంగతి ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పలేదు. డెబ్బైల చివర్లో నేను నర్సీపట్నంలో మలేరియా ల్యాబు టెక్నీషియన్ని. జ్వరమొచ్చిన మనుషుల రక్తంలో మలేరియా పురుగు ఉందో లేదో మైక్రోస్కోపులో చూసి చీటీ రాయడం నా పని.

ఆ ఏడు ఒక పరిశోధక డాక్టరుగారు నాలుగు కోతుల్ని తెచ్చి మా వెనక షెడ్డులో పెట్టారు. వాటికి మలేరియా ఎక్కించి, మందిచ్చి, రక్తం ఎంత తగ్గుతుందో చూడాలట. ఆ చాకిరీ నా నెత్తిన పడింది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. మనుషులతోనే వేగలేక చస్తుంటే మళ్లీ కోతులా అని గొణుక్కున్నాను. అయినా రోజూ పొద్దున్నే వాటి చెవి గుచ్చి, కింది కనురెప్ప లాగి చూసి, హిమోగ్లోబిన్ నోటుబుక్కులో రాసేవాణ్ణి.

మందు పడ్డాక ఒక ఆడకోతి రక్తంలో పురుగన్నది లేకుండా పోయింది. రక్తం మాత్రం రోజురోజుకీ పడిపోతూనే ఉంది. జబ్బు పోయాక కూడా ఒళ్లు తన మంచి రక్తాన్ని తానే పాడుచేసుకుంటుందని డాక్టరుగారు చెప్పారు. దాని కనురెప్ప లోపల సున్నం కొట్టినట్టు తెల్లబడింది. బోను మూల చతికిలబడి నా వంకే చూసేది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ వారంలోనే గొలుగొండ వైపు నుంచి ఒకావిడ నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకొచ్చింది. మాత్రలు మింగించాక జ్వరం పోయిందట, పిల్ల మాత్రం లేచి నడవట్లేదట. స్లయిడు చూశాను. పురుగు లేదు. మనుషుల చీటీలో పురుగుకే గడి ఉండేది, హిమోగ్లోబిన్‌కి లేదు. వెనక పెద్ద లైను. పురుగు లేదు, తగ్గిపోయింది, ఇంటికెళ్లమని విసుక్కుని పంపేశాను. పిల్ల మొహంలోకి చూడనైనా లేదు. ఆసుపత్రి రెండు వీధుల అవతలే. రక్తం ఎక్కించాలేమో చూడండని ఒక్క ముక్క రాసిస్తే నా సొమ్మేం పోయేది?

పదిరోజులకి ఆవిడ ఒక్కతే వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. నేను రాసిచ్చిన చీటీ బల్ల మీద పెట్టింది.

"పురుగు లేదన్నారు గదా బాబూ. మరేటయ్యి సచ్చిపోనాది నా గుంట?"

జవాబు నాకు తెలుసు. అప్పటికే కోతుల నోటుబుక్కులో నా చేత్తో మూడు పేజీలు రాసి ఉన్నాను. నిజం దాచేశాను. సిగ్గో, భయమో, ఉద్యోగం పోతుందన్న బెంగో.

"దాని ఆయుష్షు అంతేనమ్మా" అన్నాను.

ఆవిడ నమ్మింది. నాకు దండం పెట్టి మరీ వెళ్లింది.