విజయనగరంలో కొన్న బొమ్మరిల్లు

పిల్లకి చెవి కారుతుంటే విజయనగరంలో డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్ళాం. అరవైల చివరి రోజులు. మా ఆయన బొబ్బిలిలో చిన్న బడి మేష్టారు. వేసవి సెలవులు కావడంతో ముగ్గురం పొద్దున్నే రైలెక్కాం. డాక్టరు పిచికారీతో చెవిలో గోరువెచ్చటి నీళ్ళు కొట్టి కడిగాడు. పిల్ల నా చీర కుచ్చెళ్ళు రెండు గుప్పిళ్ళతో పట్టుకుని బిగుసుకుపోయింది గాని ఏడవలేదు. బయటికి వచ్చాక మా ఆయనకి ముచ్చటేసింది.

"ఏడవనేదు కదా నా తల్లి! ఏటి కావాలో అడుగు, కొంటాను" అన్నారు.

గంటస్తంభం దగ్గర గాజులూ రిబ్బన్లూ బొమ్మలూ అమ్మే దుకాణం ఒకటుండేది. పిల్ల రబ్బరు బొమ్మలు దాటింది, కీ ఇస్తే తిరిగే రైలూ దాటింది. పై అరలో ఉన్న రెండు అట్టపెట్టెల కింద నిలబడి మెడ ఎత్తి చూస్తూ ఉండిపోయింది. మూతల మీద ఇళ్ళ బొమ్మలున్నాయి. దుకాణదారు వాటిని దించి దుమ్ము దులిపాడు.

"కలకత్తా సరుకండి. లోపల చెక్కముక్కలుంటాయి. ఇంటికెల్లి అతికించుకుంటే బొమ్మరిల్లయిపోతాది" అన్నాడు.

ఒకటి మేడ. మెట్లున్నాయి, పైన కిటికీలున్నాయి. రెండోది చిన్న పెంకుటిల్లు. రెండే గదులు, ముందు స్తంభాలతో అరుగు. మా ఆయన మనసు మేడ మీదకే పోయింది. "ఇది తీసుకోవే, దర్జాగా ఉంటాది" అన్నారు. పిల్ల ఆ మూతా ఈ మూతా మార్చి మార్చి చూసి, వేలితో గదులన్నీ తడిమింది.

"మేడకి అరుగు నేదు నాన్నా. అమ్మ ఎక్కడ కూకుని బియ్యం ఏరుతాది?"

దుకాణదారు నవ్వాడు. "మేడల్లో ఉన్నోల్లు బియ్యం ఏరరు పాపా."

"మరేటి తింటారు?" అని అడిగింది పిల్ల, నిజంగానే తెలుసుకుందామని.

పెంకుటిల్లే కొన్నాం. తిరుగు రైల్లో ఆ పెట్టెని ఎవరినీ ముట్టనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ పిల్ల నా కడుపున పుట్టింది కాదు. మా బావగారి నాలుగో కూతురు. ఆయన కోటబొమ్మాళి దగ్గర పల్లెలో వరి పండించుకునే మనిషి. మాకు పెళ్ళయి ఎన్నాళ్ళయినా పిల్లల్లేరు. శ్రీకూర్మం వెళ్ళి మొక్కుకున్నా కలగలేదు. అక్కడ మా తోడికోడలికి వరసగా నాలుగోసారీ ఆడపిల్లే పుడితే, ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని పాలివ్వనందిట. పిల్ల పాకే వయసులో ఉండగా బావగారే బొబ్బిలి తీసుకొచ్చి మా వసారాలో దింపారు. తమ్ముడి భార్యనని ఆయన నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. ఏం చెప్పినా మా ఆయనకి చెప్పేవారు.

"ఒరే తమ్ముడూ, దీన్ని మీకిచ్చీసినాను. ఇకని ఇది మీ గుంటే, మీ కూతురే" అన్నారు.

దత్తత రాయించుకుందామని నేనంటే మా ఆయన చిరాకు పడ్డారు. అన్నదమ్ముల మధ్య కాయితాలేమిటన్నారు. పిల్ల మమ్మల్నే అమ్మా నాన్నా అని పిలిచింది. కన్నవాళ్ళు పెద్దమ్మా పెదనాన్నా అయ్యారు. ఆ పిలుపులు తిరగబడి ఉన్నాయన్న సంగతి ఆమెకి తెలియదు. నాకు తెలిసినా గుర్తుండేది కాదు.

విజయనగరం నుంచి వచ్చిన మర్నాడే వసారాలో చాప పరిచి పెట్టె విప్పాం. ప్రతి ముక్క మీదా ఒక ఇంగ్లీషు అక్షరం అచ్చేసి ఉంది. ఎలా అతకాలో చెప్పే కాయితమూ ఇంగ్లీషే. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వాక్యం బళ్ళో పాఠంలా పైకి చదివి తెలుగులో చెప్పేవారు. పిల్ల ఆ అక్షరమున్న ముక్క వెతికి తెచ్చేది. నేను తుమ్మజిగురు రాసేదాన్ని. అది ఆరేదాకా గోడ ఒరిగిపోకుండా పట్టుకోవడం పిల్ల పని. ఊపిరి బిగబట్టి పట్టుకునేది.

"ఊపిరి తియ్యవే" అంటే, "తీస్తే గోడ కదిలిపోతాది" అని పళ్ళ సందుల్లోంచి చెప్పేది.

పెట్టెలో వీధి తలుపు లేదు. ఎక్కడ వెతికినా దొరకలేదు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటే, పక్కింట్లో వీణలు చేసే ముసలాయన పనసచెక్క పేడు ఒకటి చెక్కి సరిగ్గా ఆ కొలతకి తలుపు చేసిచ్చాడు. ఇల్లంతా తెల్లటి చెక్క, తలుపొక్కటే పసుపుపచ్చగా మెరుస్తూ ఉండేది. కలకత్తా వాళ్ళు పెట్టిన వాటన్నిటికంటే ఆ తలుపే మాకు నచ్చింది.

ఒకరోజు మా ఆయన వంటగది గోడ తిరగేసి అతికించారు. కిటికీ నేలకి దగ్గరగా వచ్చింది. ఊడబీకుదామంటే జిగురు పట్టేసింది. ఆయన తప్పంతా కాయితం రాసినవాడిదేనని వాదిస్తుంటే, "ఉండనీ నాన్నా, పిల్లి తొంగిసూడ్డానికి పనికొస్తాది" అంది పిల్ల. మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గుతూ వీధిలోకి వెళ్ళిపోయారు. పెళ్ళయిన దగ్గర్నుంచి మేమిద్దరం ఉప్పూ పప్పూ గురించి తప్ప పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ వేసవిలో మాత్రం, పిల్ల నిద్రపోతున్న మధ్యాహ్నాలు, స్తంభాలకి ఏ రంగు వెయ్యాలని ఇద్దరం చిన్నపిల్లల్లా గొంతు తగ్గించి పోట్లాడుకున్నాం. నా కాపురంలో సుఖమన్నది ఎప్పుడుండేదని ఎవరైనా అడిగితే ఆ రోజులే చూపించగలను. వెతికినా ఇంకోటి దొరకదు.

బడులు తెరిచాక పని నెమ్మదించింది. పైకప్పు ముక్కలకి ఎర్రరంగు వేసి గోడకి ఆనించి ఆరబెట్టాం. అది ఎక్కిస్తే ఇల్లు పూర్తవుతుంది. అప్పుడొచ్చారు బావగారు.

వానకి తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. మా తోడికోడలికి ఈసారి కవలలు పుట్టారని, ఇద్దరూ మగపిల్లలేనని మాకు అంతకుముందే తెలుసు. నేను బెల్లం పంచి కూడా పెట్టాను.

"మీ వొదినకి ఇంకా ఒల్లు కూడుకోనేదురా" అన్నారు తమ్ముడితో. "పెద్దగుంటలు ముగ్గురూ వరి ఉడుపులకెల్తన్నారు. పసోల్లిద్దర్నీ ఎత్తుకునేవోల్లు నేరు. సిన్నదాన్ని తీసుకెల్దామని వొచ్చినాను."

నేను తలుపు వెనకాల ఉన్నాను. మా ఆయన ఏదో ఒకటి అంటారని చూశాను. ఆయన వేలికి అంటుకున్న జిగురు గోటితో గీక్కుంటున్నారు.

అంతవరకూ ఎప్పుడూ చెయ్యని పని చేశాను. వసారాలోకి వచ్చి బావగారి ఎదురుగా నిలబడి మాట్లాడాను. "నేనొస్తాను. అక్కకీ పసోల్లకీ సాకిరీ అంతా నేను సేస్తాను. పిల్లని వొదిలీండి. బడి పాడవుతాది."

ఆయన నా వైపు చూడలేదు.

"ఒరే, నీ ఇంటిదానికి సెప్పు" అన్నారు. "మీరు సాకినారు, నాను కాదన్నేదు. సాకమని మేకపిల్లని పాలికిచ్చినా మేక మనదే కదరా? అవసరం పడితే తోలుకుపోమూ?"

నేను మా ఆయన్ని లోపలికి పిలిచాను.

"ఏటి మాటాడరు?"

"కన్నోల్లు అడుగుతుంటే ఏ మొకంతో కాదంటాం?"

"పెంచినోల్లకి మొకం ఉండదేటి?"

"ఉడుపులయ్యేదాకానే కదే. తరవాత మనమే ఎల్లి తెచ్చుకుందాం" అన్నారు. అన్నగారు ఆ మాట అననే లేదు. ఆయనే కల్పించుకుని, ఆయనే నమ్మారు.

బడి నుంచి వచ్చిన పిల్లకి సంగతి చెప్పింది కూడా నేనే. మగవాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని వానల గురించి మాట్లాడుకుంటున్నారు. పిల్ల ఏడవలేదు. ముందు అర్థం కాలేదు. తర్వాత వసారాలోకి వెళ్ళి, "పెదనాన్నా, పైకప్పెట్టీసినాక వొస్తాను" అంది.

"అక్కడెట్టుకుందువుగాని. ఇల్లు కూడా అట్టుకుపోదాం" అన్నారాయన. కఠినంగా అనలేదు. ఆయనకి పిల్ల మీద కోపమేమీ లేదు, మా మీదా లేదు. ఆయన సొత్తు ఆయన తీసుకుపోతున్నారు, అంతే.

బస్సు దాకా వెళ్ళాం. బొమ్మరిల్లు లోపల పట్టదని కండక్టరు పైకి ఎక్కించాడు. క్లీనరు దాన్ని బస్తాల మధ్య పెట్టి తాడు బిగిస్తుంటే చెక్క పటుక్కుమనడం కిందికి వినిపించింది. పిల్ల పైకప్పు ముక్కలు తువ్వాల్లో చుట్టి గుండెకి పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక ఒక్కసారిగా లేచి నిలబడి "అమ్మా" అని అరిచింది. బావగారు భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

ఉడుపులయ్యాయి. మా ఆయన వెళ్దామనలేదు. దసరాకి అన్నారు, దసరా దాటాక కోతలకి అన్నారు. చివరికి కోతలయ్యాక నేను బలవంతం చేస్తే ఇద్దరం బయల్దేరాం. పిల్లకి కొత్త గౌనూ, పలకా తీసుకెళ్ళాను.

మేం వెళ్ళేసరికి పిల్ల పెరట్లో ఒక పసివాణ్ణి చంకనేసుకుని, రెండోవాణ్ణి కాలితో ఉయ్యాల ఊపుతూ ఉంది. తల రేగిపోయి ఉంది. చెవిలో మళ్ళీ చీము. నన్ను చూసి "అమ్మా" అని రెండడుగులు వేసింది.

"అమ్మేటే? సిన్నమ్మ అనాల" అంది మా తోడికోడలు వంటింట్లోంచి, మామూలు గొంతుతోనే. పిల్ల అక్కడే ఆగిపోయింది. పసివాణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

పశువుల సాల పక్కన నాకు ఆ పచ్చ తలుపు కనిపించింది. బొమ్మరిల్లు అరుగు ఊడిపోయింది. మధ్య గోడ తీసేశారు. లోపల గడ్డి పరిచి ఉంది, కోడిపెట్టొకటి గుడ్ల మీద కూర్చుని ఉంది. పైకప్పు బదులు పాత గోనె కప్పారు. నేను అటే చూస్తున్నానని గమనించి మా తోడికోడలు సంతోషంగా చెప్పింది.

"బాగా పనికొచ్చినాది సెల్లీ. పిల్లి భయం నేకుండా పొదుగుతన్నాది."

పిల్ల ఆ బొమ్మరింటివైపు చూడలేదు. మేం మాట్లాడుతున్నంతసేపూ నేల వైపే చూసింది.

ఆ రోజు భోజనాలయ్యాక, మా ఆయన అడగరని తెలిసి నేనే అడిగాను. తీసుకెళ్తామన్నాను. బడి మాట ఎత్తాను.

"బడికెల్లి ఏటి సేస్తాది?" అంది మా తోడికోడలు. "ఇక్కడ ఇద్దర్ని సూసుకుంతాది. నీకైతే పిల్లా జెల్లా నేరు, నీకు తెల్దు సెల్లీ."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆ మాటకి జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆయన వక్కపలుకు నములుతూ కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "ఎవరి పిల్లలు వోల్లకే కదా" అన్నారు. అవి ఊరికే అన్న మాటలే. ఆ తర్వాత నేను ఆయనతో మళ్ళీ ఉప్పూ పప్పూ గురించే మాట్లాడాను.

పిల్ల అక్కడే పెరిగింది. చదువు రెండో తరగతితో ఆగింది. ఒంటిచెవి వినపడకుండా పోయింది. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాం. దూరపు చుట్టాల్లాగే కూర్చున్నాం, దూరపు చుట్టాలకి పెట్టినట్టే బట్టలు పెట్టారు.

బావగారు పోయినప్పుడు దినానికి వెళ్ళాం. అప్పటికి ఆ పిల్లకి ఇద్దరు పిల్లలు. నూతి దగ్గర ఇద్దరం అంట్లు తోముతుంటే, మంచి చెవి నా వైపు తిప్పి అడిగింది.

"సిన్నమ్మా, ఒక మాటడుగుతాను, కోపం తెచ్చుకోకు. నన్నెందుకు పంపీసినావు?"

"నేను పంపడమేటి?"

"మా అయ్య సెప్పినాడు. ఆ రోజు బస్సులో నానేడుస్తంటే సెప్పినాడు. మీ సిన్నమ్మే వొద్దంది, ఆడగుంటని సాకడం నా వల్ల కాదంది, అందుకే తీసుకెల్తన్నాను అని. ఇకని ఏడుపు ఆపీసినాను."

ఇన్నేళ్ళూ ఆమె నన్ను ఏ కళ్ళతో చూసిందో, పెళ్ళిలో నా కాళ్ళకి దండం పెట్టినప్పుడు ఆ మొహం ఎందుకంత మూసుకుని ఉందో అప్పుడు తెలిసింది. జరిగిందంతా చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. మా ఆయన కొంచెం దూరంలో మంచం మీద కూర్చుని ఉన్నారు. మా మాటలు ఆయనకి వినపడుతూనే ఉన్నాయి.

"మీ సిన్నాన్న ఉన్నారు కదే. అడుగు" అన్నాను. ఆయన వైపు తిరిగి, "మీరైనా సెప్పండి. నేను వొద్దన్నానా?" అన్నాను.

ఆయన ఒక్క మాట అంటే చాలు. లేదన్నట్టు తల ఊపినా చాలు.

"పోయినోడి మీద ఇప్పుడెందుకే ఆ మాటలు?" అన్నారు, కండువా దులుపుకుంటూ.

ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తోమిన గిన్నెలు బోర్లించి, ఒక్కొక్కటే గంపలోకి సర్దింది.

"పోనీలే సిన్నమ్మా. ఎవరు సెప్పింది నిజవైతే ఏటి? నాను పెరగడం ఇక్కడే పెరిగినాను కదా" అని గంప ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. వేళకి వండిపెట్టాను, జ్వరమొస్తే కాళ్ళు పట్టాను. ఊళ్ళో నన్ను మంచి ఇల్లాలన్నారు. ఆయన్ని క్షమించావా అని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే లేదని చెప్పేదాన్ని.