మాస్కు కోసం తీసిన మీసం

నీళ్లలో మునిగేవాళ్లు కళ్లకూ ముక్కుకూ పెట్టుకునే మాస్కును పోగొట్టుకోకుండా ఉండటానికి నేర్పే జాగ్రత్తలు మరీ పెద్దవేమీ కావు. దూకేటప్పుడు అరచేత్తో ముఖానికి అదిమి పట్టుకోవాలి. పైకి తేలాక దాన్ని నుదుటి మీదికి నెట్టకూడదు, మెడలోకి దించుకోవాలి. నుదుటి మీదుంటే ఒక్క అల చాలు, ఊడిపోతుంది. పట్టీ బిగిస్తే మాస్కు గట్టిగా కూర్చుంటుందనుకోవడం ఉత్త తెలివితక్కువతనం. రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి, అంతే. అంచు కింద వెంట్రుకలుంటే నీళ్లొస్తాయి. నా ప్రాణం మీదికి వచ్చింది ఈ చివరి మాట దగ్గరే. అప్పటికి నాకు మీసం ఉంది, మా నాన్న బతికే ఉన్నాడు. మా ఇళ్లలో తండ్రి ఉండగా కొడుకు మీసం తీయడు.

అది రెండువేల పదకొండు. సర్కారు ఉద్యోగాల పరీక్షలు ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్లకే తెలియని రోజులు. ఊళ్ల నుంచి వచ్చి అశోక్‌నగర్ గదుల్లో ఉంటూ నాతో పాటు చదివే పిల్లలు ఓపిగ్గా చదువుతూనే ఉన్నారు. నాకా ఓపిక లేదు. చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగినవాళ్లను వెతికే చిన్న బృందమొకటి మనుషుల్ని తీసుకుంటోందని విని, నారాయణగూడ ఈతకొలనులో వాళ్లు పొద్దున్నే ఇచ్చే శిక్షణకు చేరాను. నాన్నకు అంతకు ముందే గుండెకు స్టెంట్ వేశారు. ఇంట్లో జీతం తెచ్చేవాడు ఇక నేనే కావాలి. ఆ ఉద్యోగం నాకు రావాల్సిందే.

కొలనులో ఎలాగో నెట్టుకొచ్చాను. మీసానికి వాజిలీన్ పట్టించినా నీళ్లు కారుతూనే ఉండేవి. అంచు కాస్త ఎత్తి, ముక్కుతో గాలి ఊది, వాటిని బయటికి తోసేవాణ్ణి. తర్వాత ఊరవతల పాత క్వారీకి తీసుకెళ్లారు. అక్కడి నీళ్లు నల్లగా ఉన్నాయి. కిందికి వెళ్లగానే మాస్కు నిండింది. అంచు ఎత్తబోతే మొత్తం జారిపోయింది. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. అడుగున తడుముతుంటే వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది. నేను పట్టుకోలేదు, అదే నా వేళ్లను ఆనుకుని ఉంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పైకొచ్చేశాను. పాత గోనెసంచో మరొకటో ఇవాళ్టికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మాకు నేర్పేవాడు నేవీలో చేసి రిటైరైన విశాఖపట్నం మనిషి. అరవలేదు.

"ఇక్కడ మాస్కు పోతే, వెతకడానికి వెళ్లినవాణ్ణి కూడా మేమే వెతుక్కోవాలి. రేపు పరీక్ష. మీసం తీసేసి రా, లేకపోతే రాకు."

మర్నాటి దాకా ఆలోచించే వ్యవధి లేదు. మధ్యాహ్నం చిక్కడపల్లిలో ఎప్పుడూ వెళ్లే సెలూన్‌లో కూర్చుని మీసం తీసెయ్యమన్నాను. సెలూనాయన ముందు టీవీ కట్టేశాడు. పని ముగించి, తువ్వాలు దులుపుతూ మెల్లగా అడిగాడు.

"ఎన్ని గంటలకు తీస్కపోతున్రన్న?"

ఎవరూ పోలేదయ్యా, నీళ్లలో పని కోసం తీయించుకున్నానంటే తలూపాడు గానీ నమ్మలేదు. బయటికొస్తే టిఫిన్ బండాయన గరిటె కింద పెట్టేశాడు. మా వెనక వీధి పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, మొన్ననే కదా మీ నాయినతో మాట్లాడాను, మంచిగనే ఉన్నాడు కదా అన్నాడు. పూలమ్మే అక్క దండలు ఎన్ని కావాలని అడిగింది. మొదట నాకు ఒళ్లు మండింది. మీ నోట్లో మన్ను, మా నాన్న శుభ్రంగా ఉన్నాడని తిట్టాను కూడా. కానీ అడిగిన ప్రతి మనిషికీ ఆ సంగతి నాకంటే ముందే తెలిసినట్టుంది. నాన్నకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఇక పరుగెత్తాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. అమ్మ రాంనగర్ మార్కెట్‌కు పోయినట్టుంది, ఇంట్లో చప్పుడు లేదు. నాన్న చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఈగలకని ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు.  నీళ్లలోకి దిగిన జతగాడు బతికున్నాడో లేదో పైకి తేలే బుడగలు చూసి తెలుసుకోమని నేర్పారు మాకు. ఆ తువ్వాలు వైపు అలాగే చూస్తూ నిలబడ్డాను. అది కదల్లేదు. చాలాసేపటికి ముక్కు దగ్గర కొంచెం లేచింది, పడింది.

నేనక్కడ ఉన్నానని తెలిసిందేమో, తువ్వాలు తీసి చూశాడు. నిద్రమత్తులో నా పైపెదవి వైపే చూశాడు. కోపం లేదు. చేతిని మెల్లగా ఎత్తి తన ఛాతీ మీద పెట్టుకుని అడిగాడు.

"నేనెప్పుడు పోయిన్రా?"

అక్కడే కూలబడి బావురుమన్నాను. మాస్కు, క్వారీ, పరీక్ష, ఏడుస్తూనే అన్నీ చెప్పాను.  అమ్మ వచ్చి, బంగారం లాంటి మనిషికి అపశకునం తెచ్చానని చీకటి పడేదాకా తిట్టింది. నాన్న వద్దంటే ఆ పరీక్ష అంతటితో సరి. రాత్రి అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి నల్లా దగ్గరికి పిలిచాడు. చేతిలో ఆయన రేజరు. పెదవి మీద అప్పుడే గరుకుగా మొలిచింది.

"బతికున్నోడు తీస్తే అది చావు మీసం గాదు. ఇగ నేనే తీస్త. నువ్వు మాత్రం మునిగినకాడికెల్లి మల్ల పైకి రా."

ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి. ఆ రోజు క్వారీలో మాస్కులోకి చుక్క నీరు రాలేదు. ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచీ నీళ్లలోకి దిగే ప్రతి రోజూ పొద్దున ఆయనే తీశాడు. లోపల ఏమీ కనబడని చోట, పెదవి మీద ఆ చల్లదనం ఉందా లేదా అని చూసుకునేవాణ్ణి. ఉండేది.

రెండువేల పద్నాలుగులో ఒక తెల్లవారుజామున నాన్న నిద్రలోనే పోయాడు. దహనానికి ముందు కొడుక్కి మీసం తీయాలని ముషీరాబాద్ నుంచి క్షవరం చేసే అతన్ని పిలిపించారు. అతను నన్ను పీట మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టి ముఖం ఎత్తి, బొటనవేలితో పైపెదవిని తడిమి చూశాడు. మీసం లేదు, కొంచెం గరుకు మాత్రం తగిలింది.

"గిది ఎవలు తీసిన్రన్న?"

"మా నాయినే. నిన్న పొద్దుగాల."